వెళ్లేప్పుడు పది గంటలు, వచ్చేప్పుడు పదకొండు!

ఫోన్ తీసి 'దుబాయ్ టు టోక్యో డిస్టెన్స్' అని కొట్టండి. అర సెకనులో జవాబు వస్తుంది. నరిటా ఎయిర్‌పోర్ట్ దాకా దాదాపు 7,980 కిలోమీటర్లు. దాని కిందే ఫ్లైట్ టైమ్ కూడా ఇస్తారు. ఇప్పుడు తిరగేసి 'టోక్యో టు దుబాయ్' అని కొట్టండి. ఇలాంటి లెక్కల సైట్లు చాలావరకు మళ్లీ అవే అంకెలు చూపిస్తాయి. దూరం మారలేదు కాబట్టి టైమ్ కూడా మారదని వాటి ధీమా.

ఇక టికెట్ బుక్ చేసే యాప్‌లోకి వెళ్లి అదే రూట్‌లో నాన్‌స్టాప్ ఫ్లైట్లు చూడండి. దుబాయ్ నుంచి టోక్యోకి పది గంటలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. టోక్యో నుంచి దుబాయ్‌కి పదకొండుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. చలికాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అవే ఎయిర్‌పోర్టులు, అలాంటి విమానమే. మరి ఆ గంట ఏమైపోయింది?

ఈ వారం ఆ గంట సంగతి చూద్దాం. ఆసియా ఖండానికి ఈ కొసన దుబాయ్, ఆ కొసన టోక్యో. ఒకదాంట్లో మనవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు. రెండోదానికి ఉద్యోగాలకీ చదువులకీ ఇప్పుడు వెళ్తున్నారు. అందుకే ఈ జంటను తీసుకున్నాను. లెక్క అర్థమైతే ఏ రెండు ఊళ్లకైనా పనికొస్తుంది.

బత్తాయి మీద దారం

ముందు దూరం సంగతి. గోడ మీద వేలాడే మ్యాప్‌లో దుబాయ్ నుంచి టోక్యోకి స్కేలు పెట్టి గీత గీస్తే, అది మన ఉత్తర భారతం మీదుగా, చైనా మధ్యలోంచి దాదాపు అడ్డంగా వెళ్తుంది. కానీ భూమి గోడ మీద అతికించిన కాగితం కాదు కదా. ఒక బత్తాయి తీసుకుని రెండు చోట్ల చుక్కలు పెట్టి, మధ్యలో దారం బిగించి చూడండి. దారం తనంతట తానే అతి దగ్గర దారి వెతుక్కుంటుంది. మన అర్ధగోళంలో ఆ దారి ఎప్పుడూ ఉత్తరం వైపు వంగి ఉంటుంది. ఇందాక సైట్ చెప్పిన 7,980 కిలోమీటర్లు ఈ దారం పొడవే.

ఆ దారం ఎక్కడెక్కడ నుంచి వెళ్తుందో లెక్కేసి చూస్తే భలే ఆశ్చర్యంగా ఉంటుంది. దుబాయ్ నుంచి ఈశాన్యంగా బయల్దేరి, ఇరాన్ ఆగ్నేయ మూల దాటి, అఫ్గానిస్తాన్ దక్షిణపు ఎడారి తగిలి, ఇస్లామాబాద్‌కి కాస్త దిగువగా వెళ్తుంది. అక్కణ్నుంచి సరిగ్గా శ్రీనగర్ పక్కకు వస్తుంది. తర్వాత లద్దాఖ్, టిబెట్ పీఠభూమి. సగం దూరం పూర్తయ్యేసరికి చైనాలోని దున్‌హువాంగ్‌కి దక్షిణంగా 170 కిలోమీటర్ల దూరంలో ఉంటాం. దున్‌హువాంగ్ అంటే ఒకప్పుడు సిల్క్ రూట్‌లో ఒంటెల బిడారులు ఆగిన ఒయాసిస్ ఊరు. ఆపైన బీజింగ్ దక్షిణపు అంచు, ఉత్తర కొరియాలో ప్యాంగ్యాంగ్ పరిసరాలు, జపాన్ సముద్రం, చివరికి టోక్యో.

టోక్యో దాదాపు 36 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఈ దారం మాత్రం 40 డిగ్రీల దగ్గరదాకా పైకెక్కి, మళ్లీ కిందికి దిగి టోక్యో చేరుతుంది. పైకెళ్లి కిందికి రావడమే దగ్గర దారి! గుండ్రటి భూమి మీద అంతే మరి.

ఆ గీత మీద ఎవరూ ఎగరరు

ఇప్పుడు అసలు సంగతి. అతి దగ్గరైన ఆ గీతను మొదటినుంచి చివరిదాకా పట్టుకుని వెళ్లే ప్యాసింజర్ విమానం లేదు. ఎందుకో ఒక్కో ముక్కా చూడండి.

ఇరాన్ గగనతలం 2025 జూన్‌లో ఇజ్రాయెల్‌తో యుద్ధం జరుగుతున్నప్పుడు మూతపడింది. అఫ్గానిస్తాన్‌లో 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌ని పట్టుకున్నాక, కింద నుంచి దారి చెప్పే ఏటీసీ సేవలు ఆగిపోయాయి. చాలా ఎయిర్‌లైన్లు ఆ దేశాన్ని తప్పించి తిరగడం మొదలుపెట్టాయి. కొన్ని మళ్లీ ఆ దారి పట్టడానికి ఏళ్లు పట్టింది. కశ్మీర్‌లో నియంత్రణ రేఖను దాటుతూ సివిల్ విమానాల దారి లేదు.

తర్వాత టిబెట్ పీఠభూమి. ఇక్కడ అడ్డం మనుషులది కాదు, నేలది. విమానం లోపలి గాలి పీడనం ఎప్పుడైనా పడిపోతే, పైలట్ వెంటనే 3 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోవాలి. అక్కడైతే మాస్క్ లేకుండానే ఊపిరి పీల్చుకోవచ్చు. మీ సీటు పైనుంచి కిందికి వేలాడే మాస్క్‌లో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట, కాస్త అటూ ఇటూ మాత్రమే వస్తుంది. ఆ కాసేపట్లో కిందికి దిగాలని దాని ఉద్దేశం. కానీ టిబెట్‌లో నేలే సగటున 4 కిలోమీటర్లకు పైన ఉంది! దిగుదామంటే చోటేది? అందుకే అదనపు ఆక్సిజన్, ముందే గీసి పెట్టుకున్న తప్పించుకునే దారులు ఉన్న విమానాలే, అదీ కొన్ని రూట్లలోనే అటు వెళ్తాయి. మిగతావి పీఠభూమిని ఉత్తరం నుంచో, దక్షిణం నుంచో చుట్టి వెళ్తాయి.

చివర్లో ఉత్తర కొరియా. ముందస్తు హెచ్చరిక లేకుండా క్షిపణులు వదిలిన చరిత్ర ఉన్న దేశం. దాని పైనుంచి వెళ్లే ధైర్యం అంతర్జాతీయ ఎయిర్‌లైన్లు సాధారణంగా చెయ్యవు. దక్షిణ కొరియా వైపు జరిగి వెళ్తాయి.

అంటే దారం మీద ప్రతి రెండు జానలకీ ఒక ముడి ఉందన్నమాట. ఉదాహరణకి టిబెట్‌కి దక్షిణంగా, కోల్‌కతా, కున్మింగ్ మీదుగా టోక్యోకి గీత గీస్తే దూరం దాదాపు 8,600 కిలోమీటర్లు అవుతుంది. దారం లెక్కకన్నా 600 పైచిలుకు ఎక్కువ. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానానికి అది నలభై నిమిషాల పైమాట. సైట్‌లో చూసిన దూరం అబద్ధమేం కాదు. కాకపోతే అది భూమి లెక్క. దాని మీద ఉన్న దేశాలూ కొండలూ ఆ లెక్కలో లేవు.

1,650 కిలోమీటర్లు, అయినా అందని ఊరు

ఇది మనకు దూరపు సంగతి అనుకోకండి. ఢిల్లీకి దాదాపు సూటిగా ఉత్తరాన కజఖ్‌స్తాన్‌లోని అల్మాటీ ఉంది. దూరం సుమారు 1,650 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకే 1,250 పైన ఉంటుంది, కాబట్టి ఇదేమంత పెద్ద దూరం కాదు. మూడు నాలుగేళ్లుగా మనవాళ్ల రీల్స్‌లో మంచు కొండలు, కేబుల్ కార్లు కనిపిస్తున్నది ఇక్కడివే.

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి జరిగింది. ఆ తర్వాత పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేసింది. కొద్ది రోజులకే మనమూ వాళ్ల విమానాలకు మూసేశాం. పాకిస్తాన్ మూసేసిన వెంటనే ఇండిగో ఢిల్లీ నుంచి అల్మాటీకి, తాష్కెంట్‌కి నడిపే ఫ్లైట్లను ఆపేసింది. పాకిస్తాన్‌ని చుట్టి వెళ్లాలంటే ఆ ఊళ్లు తన దగ్గరున్న విమానాల రేంజ్ దాటిపోతున్నాయని చెప్పింది.

ఒక్కసారి ఆలోచించండి. మ్యాప్ మీద అల్మాటీ ఒక్క మిల్లీమీటర్ కూడా జరగలేదు. మన విమానాలూ అవే. సూటిగా ఉత్తరానికి పోదామంటే హిమాలయాలు, పీఠభూమి. పక్కకి పోదామంటే మూసిన గేటు. అలా 1,650 కిలోమీటర్ల ఊరు రాత్రికి రాత్రి అందనంత దూరమైపోయింది. సెలవులకు టికెట్లు కొనుక్కున్నవాళ్లకీ, అటువైపు మెడిసిన్ చదివే పిల్లలకీ దూరం అంటే ఏంటో ఆ వారమే తెలిసొచ్చింది.

గాలివాటం

సరే, చుట్టు దారి సంగతి అర్థమైంది. కానీ అది వెళ్లేప్పుడూ వచ్చేప్పుడూ ఉంటుంది కదా? మరి ఆ గంట తేడా ఎక్కడిది?

గాలిది. ఎదురుగాలిలో సైకిల్ తొక్కినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. విమానాలు ఎగిరే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి ఒక గాలి నది పారుతూ ఉంటుంది. దాని పేరు జెట్ స్ట్రీమ్. చలికాలంలో దీని ఒక పాయ హిమాలయాలకు దక్షిణంగా, మన ఉత్తర భారతం మీదుగా వెళ్తుంది. ఎండాకాలం చివర్లో అది హిమాలయాల అవతలికి జరగడం మన నైరుతి రుతుపవనాల రాకతో ముడిపడి ఉంటుందని జాగ్రఫీలో చదువుకునే ఉంటారు. టిబెట్‌కి ఉత్తరంగా వెళ్లే పాయ ఒకటుంది. ఈ రెండూ తూర్పు చైనా దాటి జపాన్ దగ్గరికొచ్చేసరికి కలిసిపోతాయి. అందుకే చలికాలంలో జపాన్ మీద వీచే జెట్ స్ట్రీమ్ ప్రపంచంలోకెల్లా బలమైన వాటిలో ఒకటి. గంటకు 300 కిలోమీటర్ల వేగం దాటడం అక్కడ వింతేం కాదు.

దుబాయ్ నుంచి టోక్యోకి వెళ్లే విమానం ఆ నదిలో దిగి కొట్టుకుపోతుంది. తిరుగు ప్రయాణంలో దాన్ని ఈదుకుంటూ రావాలి.

మనమే లెక్క కడదాం. దారి 8,600 కిలోమీటర్లు అనుకోండి. విమానం సొంత వేగం గంటకు 900. దారి పొడుగునా సగటున 60 కిలోమీటర్ల గాలి సాయం దొరికితే వేగం 960. అంటే దాదాపు 9 గంటలు. వచ్చేప్పుడు అదే 60 ఎదురైతే వేగం 840. అంటే 10 గంటల 15 నిమిషాలు. టికెట్ మీద రాసే టైమ్ గేటు నుంచి గేటు దాకా. కాబట్టి రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, పైకెక్కడం, దిగడం అన్నిటికీ కలిపి ఇంకో 40 నిమిషాలు వేసుకోండి. వెళ్లడానికి 9 గంటల 40 నిమిషాలు, రావడానికి 10 గంటల 55 నిమిషాలు. యాప్‌లో కనిపించే అంకెలకు ఎంత దగ్గరగా వచ్చామో చూశారా!

ఇంకో చిన్న తమాషా. వెళ్లేప్పుడు లాభం, వచ్చేప్పుడు నష్టం, రెండూ చెల్లుకు చెల్లు అనుకుంటాం. చెల్లవు. గాలే లేకపోతే రానుపోను 17,200 కిలోమీటర్లకు 900 చొప్పున 19 గంటల 7 నిమిషాలు. ఈ గాలితో 19 గంటల 12 నిమిషాలు. గాలి సగటున 120 అయితే 19 గంటల 27 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువ. ఆ పిసరుకి కూడా ఇంధనం కాలుతుంది.

ఎవరూ చదవని రిపోర్టు

ఈ గాలిని మొదట శ్రద్ధగా కొలిచినవాళ్లలో ఒకాయన జపాన్‌లోనే ఉన్నాడు. పేరు వాసాబురో ఓయిషి. 1920ల్లో, టోక్యోకి ఈశాన్యాన టటెనో అనే చోట ఉన్న పరిశోధన కేంద్రం నుంచి బెలూన్లు వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో చూసి పై గాలుల్ని లెక్కగట్టాడు. చలికాలంలో అక్కడ ఊహకందని వేగంతో గాలి వీస్తోందని తేల్చాడు. లోకమంతా చదవాలని 1926లో తన రిపోర్టును ఎస్పరాంటోలో అచ్చువేయించాడు. ప్రపంచానికంతటికీ ఒకే భాష ఉండాలని తయారుచేసిన భాష అది. పాపం, ఆ భాష వచ్చినవాళ్లు ఎంతమంది? బయటి ప్రపంచం దాన్ని దాదాపు పట్టించుకోలేదు.

1944 చివర్లో టోక్యో మీద బాంబులు వెయ్యడానికి వచ్చిన అమెరికా బి-29 విమానాలకు ఆ గాలి దెబ్బ తగిలింది. విమానాలు అనుకున్నదానికన్నా విపరీతమైన వేగంతో దూసుకుపోయాయి, బాంబులు గురి తప్పాయి. అదే గాలిని జపాన్ కూడా వాడుకుంది. కాగితంతో చేసిన బెలూన్లకు బాంబులు కట్టి, పసిఫిక్ మీదుగా అమెరికాకు దాదాపు 9,000 వదిలింది. చాలావరకు సముద్రం పాలయ్యాయి. కానీ 1945 మేలో ఆరిగన్ రాష్ట్రంలో ఒకటి పేలి ఒక మహిళ, ఐదుగురు పిల్లలు చనిపోయారు. ఇవాళ మనం టిఫిన్ ట్రే ముందు పెట్టుకుని 'అరగంట ముందే దిగిపోయామే' అని సంబరపడేది ఆ గాలి పుణ్యమే.

గడియారం చేసే మాయ

టోక్యో టైమ్ దుబాయ్ కన్నా 5 గంటలు ముందు. మనకన్నా మూడున్నర గంటలు ముందు. టికెట్ మీద బయల్దేరే టైమ్, దిగే టైమ్ ఏ ఊరికి ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. కాబట్టి ఉదాహరణకి దుబాయ్‌లో తెల్లవారుజామున 3 గంటలకు ఎక్కితే టోక్యోలో సాయంత్రం 5.40కి దిగుతారు. చూడ్డానికి 14 గంటల 40 నిమిషాలు. ఐదు తీసేస్తే అసలు టైమ్. తిరుగులో రాత్రి 10.30కి ఎక్కి తెల్లారి 4.25కి దిగుతారు. చూడ్డానికి ఆరు గంటలు కూడా లేదు! ఐదు కలిపితే దాదాపు పదకొండు. చూడ్డానికి చిన్నదిగా ఉన్న ప్రయాణమే నిజానికి పెద్దది.

మరి బుక్ చేసేప్పుడు?

ఇదంతా తెలుసుకుని ఏం చేసుకోవాలంటారా? డబ్బులూ నిద్రా మిగుల్చుకోవచ్చు.

ఒకటి: బయల్దేరే, దిగే టైమ్‌లు చూసి తీసివేతలు చేయకండి. యాప్‌లో 'డ్యూరేషన్' అని విడిగా ఉంటుంది, అది చూడండి. వెళ్లేదానికి వేరే, వచ్చేదానికి వేరే.

రెండు: ఆసియాలో పడమరకు వచ్చే చలికాలపు ఫ్లైట్ తర్వాత కనెక్షన్ ఉంటే మధ్యలో టైమ్ ఎక్కువ పెట్టుకోండి. వెళ్లేప్పుడు గంటన్నర సరిపోయింది కదా అని వచ్చేప్పుడూ అంతే పెట్టుకుంటే ఎదురుగాలి మీ ప్లాన్ చూసి ఆగదు. రెండు ఫ్లైట్లూ ఒకే బుకింగ్‌లో ఉంటే, మొదటిది లేటై రెండోది తప్పినా మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత సాధారణంగా ఎయిర్‌లైన్‌ది. చవగ్గా వచ్చిందని విడివిడిగా కొంటే ఆ బాధ్యత మీదే.

మూడు: టైమ్‌టేబుల్ ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి చివరి ఆదివారం ఒకసారి, అక్టోబర్ చివరి ఆదివారం ఒకసారి. నెలల ముందు టికెట్ కొంటే, ఈ తేదీలు దాటాక మళ్లీ ఒకసారి టైమ్ చూసుకోండి.

నాలుగు: ఎటు తిప్పుతున్నారో చూడండి. హైదరాబాద్ నుంచి టోక్యోకి దారం లెక్కన దాదాపు 6,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వెళ్తే ముందు 2,550 వెనక్కి వెళ్లి, తర్వాత 7,980 ముందుకు, మొత్తం 10,500 పైనే. ఆఫర్ బాగుంటే తప్పేం లేదు. కానీ ఆ తేడా డబ్బుకి అదనంగా ఎన్ని గంటలు ఇస్తున్నారో లెక్కేసుకోండి.

ఐదు: టోక్యోకి రెండు ఎయిర్‌పోర్టులు. హనెడా ఊళ్లోనే ఉన్నట్టు లెక్క. నరిటా ఊరి మధ్య నుంచి దాదాపు 60 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్ రైల్లో గంట ప్రయాణం. రాత్రి పొద్దుపోయి నరిటాలో దిగి చివరి రైలు తప్పిపోతే, టికెట్‌లో మిగిల్చిన డబ్బు టాక్సీకి పెట్టాలి.

ఆరు: జపాన్ దగ్గరికొచ్చాక ఆకాశం నిర్మలంగా ఉన్నా బెల్టు తీయకండి. జెట్ స్ట్రీమ్ అంచుల్లో మబ్బు లేకుండానే కుదుపులు వస్తాయి. అవి విమానం రాడార్‌కి కూడా కనిపించవు.

ఈసారి ఎవరైనా 'ఆ ఊరు ఎంత దూరం?' అని అడిగితే కిలోమీటర్లు చెప్పేయండి, ఆ జవాబు మారదు. 'ఎంతసేపు పడుతుంది?' అంటే మాత్రం వెంటనే చెప్పకండి. ఎటు వైపు వెళ్తున్నావు, ఏ నెలలో వెళ్తున్నావు, దారిలో ఉన్న దేశాలు ప్రస్తుతం మాట్లాడుకుంటున్నాయా అని ముందు మీరే మూడు ప్రశ్నలు అడగండి.